కీళ్లవాతానికి వైద్య గంజాయి: కాలిఫోర్నియాలో ఉన్న మన పెద్దవాళ్ల కోసం

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. వేళ్ల కణుపులు, మణికట్ల నొప్పి దానిది. మోకాళ్ల నొప్పి వయసుతో వచ్చిన అరుగుదలది. పుట్టింది గుడివాడలో, ఉంటున్నది శాన్ హోసేలో. రిటైరయ్యేదాకా ఇక్కడే ఒక ఫార్మసీలో టెక్నీషియన్‌గా పనిచేశాను కాబట్టి సీసా మీద చిన్న అక్షరాలు చదవడం నాకు అలవాటు. వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు వేసుకుంటాను. జబ్బు అదుపులోనే ఉంది, కానీ రాత్రి పక్క మీద వాలాక చేతుల్లో మొదలయ్యే సలుపు మాత్రం దానికి లొంగలేదు. ఆ రాత్రి నొప్పి కోసమే, నా డాక్టరుకు చెప్పి, లైసెన్సు ఉన్న డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే షాపులో, కొన్న గంజాయి నూనె చుక్కలు వాడుతున్నాను.

ఈ సంగతి తెలిసినవాళ్లు గుడి దగ్గర, వాకింగ్‌లో పక్కకు పిలిచి అడుగుతుంటారు. గంజాయి అనగానే మనవాళ్లకు పాడేరు ఏజెన్సీలో పట్టుబడ్డ లారీలు, పేపర్లో వచ్చిన ఫొటోలు గుర్తొస్తాయి కాబట్టి గొంతు బాగా తగ్గించి అడుగుతారు. సగం సగం విని, పక్కింటివాళ్లు ఇచ్చిన గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) ఒకటి నోట్లో వేసుకుని భయపడిపోయినవాళ్లు కూడా ఉన్నారు. అందుకే వరసగా, వివరంగా రాస్తున్నాను. ఇది మీ డాక్టరుతో మాట్లాడే ముందు చదువుకోవడానికి. ఆ మాట మాత్రం తప్పనిసరిగా మాట్లాడాలి.

ఏం ఆశించవచ్చు

గంజాయి మొక్కలో మనకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. టీహెచ్‌సీ అనేది మత్తునిస్తుంది, నొప్పి తెలియడాన్ని తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. సీబీడీ మత్తు ఇవ్వదు. ఈ రెండూ మన ఒంట్లో ముందే ఉన్న ఒక వ్యవస్థ మీద పనిచేస్తాయి. మెదడులో, నరాల్లో సీబీ1 అనే గ్రాహకాలు, రోగనిరోధక కణాల్లో సీబీ2 అనేవి ఉంటాయి. టీహెచ్‌సీ నేరుగా సీబీ1కి అతుక్కుంటుంది. నొప్పి తగ్గడం, తల తిరగడం రెండూ అక్కడి నుంచే వస్తాయి. అందుకే ఒకటి కావాలంటే రెండోది ఎంతో కొంత వెంట వస్తుంది.

పరిశోధనలు ఏమంటున్నాయో దాచకుండా చెబుతాను. 2006లో బ్రిటన్‌లో 58 మంది రుమటాయిడ్ రోగులకు టీహెచ్‌సీ, సీబీడీ రెండూ కలిసిన సాటివెక్స్ అనే నోటి స్ప్రేని 5 వారాలు ఇచ్చి చూశారు. కదిలినప్పటి నొప్పి, కదలకుండా ఉన్నప్పటి నొప్పి, నిద్ర మెరుగయ్యాయి. పొద్దుటి బిగుతులో తేడా రాలేదు. 2021లో డెన్మార్క్‌లో 136 మందికి, అంటే చేతివేళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు, సోరియాసిస్ చర్మవ్యాధితో వచ్చే సోరియాటిక్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు, 12 వారాల పాటు సీబీడీ ఒక్కటే రోజుకు 20 నుంచి 30 ఎంజీ ఇస్తే, మందు లేని ఉత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు. 2023లో ఆస్ట్రియావాళ్లు మోకాళ్ల అరుగుదలకు రోజుకు 600 ఎంజీ సీబీడీ ఇచ్చి చూసినా అదే ఫలితం.

వీటిని బట్టి, నా అనుభవాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. సీబీడీ ఒక్కటే పెద్ద నొప్పికి చాలదు. దానికి చాలా కొద్దిగా టీహెచ్‌సీ తోడైతే రాత్రి నొప్పి మెత్తబడుతుంది, నిద్ర నిలుస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. మరీ ముఖ్యంగా, నొప్పి తగ్గడం వేరు, జబ్బు ఆగడం వేరు. రుమటాయిడ్‌లో కీళ్లు లోపల తినేయబడకుండా కాపాడేది మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్, బయాలజిక్ ఇంజెక్షన్లు వంటివి. గంజాయి ఆ పని చేస్తుందని ఎవరూ నిరూపించలేదు. "నొప్పి పోయింది కదా" అని ఆ మందులు మానేస్తే, నొప్పి తెలియకుండానే వేళ్లు వంకరపోతాయి. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

ముందు మీ వీసా, పౌరసత్వం సంగతి

డాక్టరు కంటే ముందు ఇది చూసుకోవాలి. కాలిఫోర్నియాలో వైద్య గంజాయి 1996లో ప్రజల ఓటుతో, 215వ ప్రతిపాదన ద్వారా చట్టబద్ధమైంది. ఆ చట్టంలో రాసిన జబ్బుల్లో ఆర్థరైటిస్ పేరు పెట్టి మరీ ఉంది. 2016లో 64వ ప్రతిపాదన వచ్చాక 21 ఏళ్లు దాటిన ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇదంతా రాష్ట్ర చట్టం. ఇమ్మిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. అందులో గంజాయిని 1970 నుంచి నియంత్రిత పదార్థంగా చూస్తున్నారు.

అంటే మీరు అమెరికా పౌరులు కాకపోతే, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు లేకపోయినా ఇమ్మిగ్రేషన్ అధికారి దృష్టిలో తప్పవుతుంది. పోలీసు కేసు కూడా అక్కర్లేదు. వాడానని మీరే ఒప్పుకుంటే చాలు, చిక్కు రావచ్చు. పౌరసత్వానికి అప్లై చేసేవాళ్ల సత్ప్రవర్తనకు ఇది అడ్డు కావచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసి పెట్టింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, హెచ్1బీ మీద ఉన్న పిల్లలు, వాళ్ల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు వీళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. లాయరుతో మాట్లాడకుండా డిస్పెన్సరీ గుమ్మం ఎక్కకండి. అత్తగారి మోకాళ్ల నొప్పి చూడలేక అల్లుడు గమ్మీలు తెచ్చిపెట్టడం ప్రేమే, కానీ ఆవిడ తర్వాతి వీసా స్టాంపింగ్ దాని మీద ఆధారపడి ఉందని అతనికి తెలియాలి. నేను పౌరసత్వం వచ్చిన తర్వాతే మొదలుపెట్టాను.

ఇంకో రెండు మాటలు. ప్రభుత్వ సాయంతో నడిచే సీనియర్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటికి ఫెడరల్ డబ్బు వస్తుంది కాబట్టి డాక్టరు ఉత్తరం ఉన్నా అక్కడ గంజాయికి అనుమతి ఉండదు, ఇల్లు పోయే ప్రమాదం ఉంటుంది. ఇంకా ఉద్యోగం చేసేవాళ్లకు 2024 జనవరి నుంచి కాలిఫోర్నియాలో కొంత రక్షణ ఉంది. డ్యూటీలో లేనప్పుడు వాడినందుకు యజమాని వివక్ష చూపకూడదు. కానీ ఫెడరల్ కాంట్రాక్టుల్లో పనిచేసేవాళ్లకు, నిర్మాణ రంగంలో ఉన్నవాళ్లకు అది వర్తించకపోవచ్చు.

మందుల సంచీ బల్ల మీద పెట్టండి

మీరు వాడే ప్రతి మందు, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం మాత్రలతో సహా, ఒక కాగితం మీద రాయండి. ఫార్మసీలో పనిచేసినదాన్ని కాబట్టి ఈ భాగం మీద నాకు పట్టుదల ఎక్కువ.

సీబీడీ మన కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములకు అడ్డుపడుతుంది. దాంతో కొన్ని మందులు ఒంట్లో పేరుకుంటాయి, కొన్ని పనిచేయకుండా పోతాయి. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చు. స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లకు ఆ మందు చైతన్యం కావడానికే ఈ ఎంజైముల్లో ఒకటి కావాలి, అక్కడ సీబీడీ అడ్డుపడవచ్చు. కీళ్లవాతం మందుల్లోనే టోఫాసిటినిబ్‌ను విరగ్గొట్టేది కూడా ఈ ఎంజైములే. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు) తినకూడదని ఏ మందు మీద రాసి ఉందో, ఆ మందుతో సీబీడీ గురించి కూడా తప్పకుండా అడగాలి.

మెథోట్రెక్సేట్ వాడే నాలాంటివాళ్లకు కాలేయం సంగతి. ఎక్కువ మోతాదు సీబీడీ కాలేయపు ఎంజైములను పెంచుతుందని తెలుసు. మెథోట్రెక్సేట్ కూడా అదే చేస్తుంది. నేను మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకున్నాను, ఆ తర్వాత కూడా మామూలుగా జరిగే పరీక్షల్లో డాక్టరు ఏఎల్‌టీ అనే కాలేయపు ఎంజైము అంకె మీద కన్నేసి ఉంచుతున్నారు.

గాబాపెంటిన్, ట్రమడాల్, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లకు టీహెచ్‌సీ తోడైతే మత్తు రెట్టింపవుతుంది. రాత్రి బాత్రూమ్‌కు లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది. బీపీ మందు వాడేవాళ్లు మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు, టీహెచ్‌సీ లేచినప్పుడు బీపీని దించుతుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె లయ తప్పేవాళ్లు, తమకు గానీ ఇంట్లో దగ్గరివాళ్లకు గానీ స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉన్నవాళ్లు టీహెచ్‌సీ జోలికి పోకపోవడమే మంచిది.

డాక్టరు, కార్డు

కాలిఫోర్నియాలో లైసెన్సు ఉన్న ఏ డాక్టరైనా సిఫారసు ఉత్తరం రాయవచ్చు. పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు చాలామంది రాయరు, కానీ మాట్లాడతారు. "రాసి ఇవ్వండి" అని మొదలుపెట్టకుండా, "నేను ఇది వాడాలనుకుంటున్నాను, నా మందులతో చిక్కు ఉందా?" అని అడగండి. నా రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) ఉత్తరం రాయలేదు గానీ, మందుల చిట్టా మొత్తం చూసి, దీన్ని కూడా నా ఫైల్లో ఎక్కించారు. ఉత్తరం వేరే డాక్టరు దగ్గర తీసుకున్నాను.

ఆ ఉత్తరంతో కౌంటీ ఆరోగ్య శాఖలో రాష్ట్రపు వైద్య గంజాయి గుర్తింపు కార్డుకు అప్లై చేసుకోవచ్చు. ఇది తప్పనిసరి కాదు. ఫీజు 100 డాలర్లకు మించకూడదు, మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లకు అందులో సగమే. కార్డు ఏడాది దాకా చెల్లుతుంది. కార్డు చూపిస్తే అమ్మకపు పన్ను పడదు. మా ఊళ్లో ఆ పన్ను 9 శాతం పైనే ఉంది, అంటే ఏడాదికి సుమారు వెయ్యి డాలర్ల సరుకు కొనేవాళ్లకే ఫీజు గిట్టుబాటవుతుంది. ఎక్సైజ్ పన్ను ఎలాగూ తప్పదు. డాక్టరు ఉత్తరం ఒక్కటే చూపిస్తే పన్ను తగ్గదు, కార్డే ఉండాలి. తక్కువ మోతాదు వాడే పెద్దవాళ్లకు కార్డు లేకపోయినా నడిచిపోతుందని నా అభిప్రాయం. డాక్టరుతో మాట మాత్రం లేకుండా నడవదు. ఇన్సూరెన్స్ దీనికి ఒక్క డాలరు కూడా ఇవ్వదు, అంతా చేతి డబ్బే.

షాపులో

లైసెన్సు ఉన్న డిస్పెన్సరీ నుంచే కొనండి. గ్యాస్ స్టేషన్లో, స్మోక్ షాపులో అమ్మేవి వద్దు. లైసెన్సు షాపులోకి వచ్చే సరుకుకు పురుగుమందులు, సీసం వంటి లోహాలు, బూజు, ద్రావకాలు అన్నీ పరీక్ష చేసి ఉంటాయి. ప్యాకెట్ మీద త్రికోణంలో ఆకు, ఆశ్చర్యార్థకం ఉన్న గుర్తు ఉంటుంది. బ్యాచ్ నంబరు చెప్పి ల్యాబ్ రిపోర్టు అడగవచ్చు. మీ ఊళ్లో షాపు లేకపోతే డెలివరీ ఉంది. వైద్య గంజాయి డెలివరీని ఏ నగరమూ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని 2024 నుంచి చట్టం ఉంది.

వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు, మందుల చిట్టా, కళ్లజోడు తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గర ఉండే పిల్లలు మర్యాదగా మాట్లాడతారు, సరుకు గురించి బాగా తెలుసు. కానీ వాళ్లు ఫార్మసిస్టులు కారు. "ఆర్థరైటిస్‌కి ఏది మంచిది?" అని అడిగితే బలమైనది చూపిస్తారు. మీరే ఇలా చెప్పండి: "నాలుక కింద వేసుకునే చుక్కలు కావాలి, సీబీడీ ఇరవై పాళ్లు, టీహెచ్‌సీ ఒక పాలు." దాన్నే వాళ్లు ట్వంటీ టు వన్ అంటారు. కొబ్బరి నుంచి తీసిన ఎంసీటీ నూనెలో కలిపింది అడగండి. ఆల్కహాల్‌లో కలిపినవి నోరు మండుతాయి, పైగా మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆల్కహాల్ ఏ రూపంలోనూ అక్కర్లేదు.

పొగ తాగడం, ఆవిరి పీల్చే వేప్ పెన్నులు నేను ఎవరికీ చెప్పను. 2019లో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని అమెరికాలో చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. దానికి ప్రధాన కారణం దొంగ సరుకులో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. అంతకంటే మనకు దగ్గరి కారణం ఇంకొకటి ఉంది. మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, బయాలజిక్స్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఎండిన పువ్వులో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉంటే, పీల్చినప్పుడు అది ఊపిరితిత్తుల్లో స్థిరపడవచ్చు. కీళ్లవాతం రోగి పొగ తాగకూడదనడానికి ఇది చాలు.

గమ్మీల సంగతి. శాకాహారులు లేబుల్ తప్పకుండా చూడండి, చాలా గమ్మీల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి కూడా దొరుకుతాయి. షుగర్ ఉన్నవాళ్లు చక్కెర ఎంతో చూసుకోండి. ఒక్కో గమ్మీలో 10 ఎంజీ దాకా టీహెచ్‌సీ ఉండవచ్చు. ఎప్పుడూ వాడని ముసలివాళ్లకు అది చాలా ఎక్కువ. నాలుగు ముక్కలు కోసినా మందు అన్ని ముక్కల్లో సమానంగా ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే మొదట్లో చుక్కలే మేలంటాను, డ్రాపర్ మీద గీతలు ఉంటాయి, కొలత మన చేతిలో ఉంటుంది.

చుక్కలు మొదలుపెట్టే పద్ధతి

ముందు సీసా లెక్క నేర్చుకోండి. ఉదాహరణకు 30 మిల్లీలీటర్ల సీసాలో 600 ఎంజీ సీబీడీ, 30 ఎంజీ టీహెచ్‌సీ ఉందనుకుందాం. అంటే ఒక మిల్లీలీటరుకు, నిండు డ్రాపర్‌కు, 20 ఎంజీ సీబీడీ, 1 ఎంజీ టీహెచ్‌సీ. పావు డ్రాపర్ అంటే 5 ఎంజీ సీబీడీ, పావు ఎంజీ టీహెచ్‌సీ. మీరు కొన్న సీసాకు ఈ లెక్క వేసి, ఒక తెల్ల స్టిక్కర్ మీద తెలుగులో రాసి సీసాకు అంటించండి. నా సీసాల మీద ఎప్పుడూ అది ఉంటుంది.

మొదటి వారం సాయంత్రం భోజనమయ్యాక పావు డ్రాపర్. నాలుక కింద వేసుకుని నిమిషం, నిమిషంన్నర మింగకుండా ఉంచాలి. మాట్లాడకూడదు, నీళ్లు తాగకూడదు. మొదటిసారి వేసుకునే రోజు ఇంట్లో ఇంకొకరు ఉండాలి, కారు తాళాలు వాళ్ల దగ్గరే ఉండాలి. పొద్దున ఏ ఇబ్బందీ లేకపోతే, రెండు మూడు రోజుల తర్వాత పొద్దున ఒక పావు డ్రాపర్ చేర్చవచ్చు. ఆర్థరైటిస్ ఫౌండేషన్ 2019లో ఇచ్చిన సలహా కూడా ఇలాంటిదే. రోజుకు రెండుసార్లు కొద్ది ఎంజీల సీబీడీతో మొదలుపెట్టి, వారం చూసి, చాలకపోతే అంతే మోతాదు కలుపుతూ పోవాలి. సీబీడీ ఒక్కటే పెద్దగా పనిచేయదని పైన చెప్పి, మళ్లీ దాంతోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, మీ ఒంటికి పడుతుందా, మిగతా మందులతో గొడవ వస్తుందా అన్నది తేలడానికి ఇదే భద్రమైన దారి.

భోజనం విషయంలో ఒక పద్ధతి పెట్టుకోండి. నెయ్యి, నూనె ఉన్న తిండితో పాటు వెళితే సీబీడీ ఒంటికి కొన్ని రెట్లు ఎక్కువ పడుతుంది. ఒకరోజు ఖాళీ కడుపుతో, ఒకరోజు పప్పూ నెయ్యీ అన్నం తిన్నాక వేసుకుంటే, ఒకే మోతాదు రెండు రోజులూ రెండు రకాలుగా పనిచేస్తుంది. ఉపవాసం రోజు నేను మోతాదు పెంచను.

రెండో వారం పూటకు అర డ్రాపర్. మూడో వారం కూడా రాత్రి నొప్పి అలాగే ఉంటే, అప్పుడు డాక్టరుకు చెప్పి రాత్రికి మాత్రం రెండూ సమానంగా ఉన్న చుక్కలు మొదలుపెట్టండి. దాన్ని వన్ టు వన్ అంటారు. 30 మిల్లీలీటర్లలో రెండూ 150 ఎంజీల చొప్పున ఉంటే, ఒక మిల్లీలీటరుకు 5 ఎంజీలు. ఆ సీసా నుంచి 0.2 మిల్లీలీటర్లు తీస్తే 1 ఎంజీ టీహెచ్‌సీ. పెద్దవాళ్లకు మొదటి మోతాదు అంతే. వారానికి ఒక ఎంజీ చొప్పున మాత్రమే పెంచాలి. నాకు 3 ఎంజీల దగ్గర రాత్రి నిద్ర కుదిరింది, అక్కడే ఆగాను. కొందరికి 2 చాలు, కొందరికి 5 కావాలి. 5 దాటాల్సి వస్తే మళ్లీ డాక్టరును కలవండి.

ఎప్పుడు వేసుకోవాలన్నది కూడా ముఖ్యం. నాలుక కింద వేసుకున్నది 15 నుంచి 45 నిమిషాల్లో తెలుస్తుంది. కానీ కొంత మింగుడు పడుతుంది, ఆ భాగం గంటా రెండు గంటల తర్వాత వస్తుంది. గమ్మీ అయితే మొత్తం ఆలస్యంగానే. కడుపులోకి వెళ్లిన టీహెచ్‌సీని కాలేయం ఇంకా బలమైన రూపంలోకి మారుస్తుంది, ఆ ప్రభావం ఆరెనిమిది గంటలు ఉంటుంది. మనవాళ్లు భయపడిన సందర్భాలన్నీ ఇక్కడివే. గంటయినా ఏమీ తెలియలేదని రెండోది తింటారు, రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. ఎంత ఓపిక నశించినా ఆ రాత్రికి రెండో మోతాదు వేసుకోకండి. నేను పడుకోవడానికి గంట ముందు వేసుకుంటాను. మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా చిన్న రాత్రి దీపాలు పెట్టించుకున్నాను, కాళ్లకు తగిలే చాప తీయించాను.

పొరపాటున ఎక్కువైతే గుండె దడ, భయం, గది తిరగడం, సమయం కదలనట్టు అనిపించడం ఉంటాయి. కూర్చోండి లేదా పక్కకు తిరిగి పడుకోండి, మంచినీళ్లు తాగండి, ఒంటరిగా ఉండకండి. కొన్ని గంటల్లో దిగిపోతుంది. సలహా కావాలంటే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు తీసుకోరు, తప్పు పట్టరు. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే 911. చిన్నపిల్లలు తింటే లక్షణాల కోసం ఎదురు చూడకుండా వెంటనే ఫోన్ చేయాలి. మా మనవడు వచ్చి వెళ్తుంటాడు కాబట్టి నా సీసాలు తాళం ఉన్న డబ్బాలో, బీరువా పై అరలో ఉంటాయి. దేవుడి గదిలో, ఫ్రిజ్‌లో, పంచదార చిలకల డబ్బా పక్కన పెట్టకండి.

పూత మందులు

గంజాయి పూతలు, బామ్‌లు వేళ్ల మీద రాసుకోవచ్చు, వాటివల్ల మత్తు రాదు. నొప్పికి ఎంత పనిచేస్తాయన్న దానికి ఆధారం మాత్రం తక్కువ. మోకాలికి, వేళ్లకు అయితే డైక్లోఫినాక్ జెల్‌కే బలమైన ఆధారం ఉంది, 2020 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది, ధర కూడా తక్కువ. నేను పగలు అదే రాస్తాను. చర్మానికి అంటించే ప్యాచ్‌లు వేరు. అవి రక్తంలోకి వెళ్తాయి, చుక్కలకు ఉన్న జాగ్రత్తలన్నీ వాటికీ ఉన్నాయి.

పుస్తకంలో ఏం రాయాలి

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి తేదీ, ఏ సీసా, ఎంత, ఏ టైమ్, పడుకునేముందు నొప్పి పదికి ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేచారు, పొద్దున వేళ్లు ముడవడానికి ఎంతసేపు పట్టింది అన్నవి రాయండి. "బాగుంది, బాగోలేదు" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. నేను పొద్దున ఫిల్టర్ కాఫీ డబ్బా మూత నా చేత్తో తీయగలిగానా లేదా అన్నది కూడా రాస్తాను. నొప్పి అంకె కన్నా నాకు అదే ఎక్కువ చెబుతుంది.

రెండు మూడు నెలలు పద్ధతిగా వాడినా ఆ పుస్తకంలో మార్పు కనబడకపోతే మానేయండి. డబ్బు దండగ చేసుకోకండి. మతిమరుపు, పగటి మగత, తూలడం, మనసు దిగులు పడడం, కళ్లు పచ్చబడడం, మోతాదు మాటిమాటికీ పెంచాల్సి రావడం కనిపిస్తే కూడా ఆపి డాక్టరును కలవాలి. టీహెచ్‌సీ వేసుకున్న రాత్రి కారు నడపకూడదు. మర్నాడు పొద్దున మగత ఉంటే అప్పుడు కూడా వద్దు.

మోకాలి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చినవాళ్లు మత్తు డాక్టరుకు ఈ విషయం దాచకండి. మత్తుమందు ఎంత ఇవ్వాలి, ఆపరేషన్ తర్వాత నొప్పి ఎలా అదుపు చేయాలి అన్నవి దీన్ని బట్టి మారతాయి. పిల్లల ముందు చెప్పడానికి సిగ్గుగా ఉంటే డాక్టరుతో విడిగా మాట్లాడాలని అడిగితే వాళ్లు ఏర్పాటు చేస్తారు.

ఇండియా వెళ్లేటప్పుడు

ఏదీ తీసుకెళ్లకూడదు. ఒక్క గమ్మీ కూడా, సగం అయిపోయిన సీసా కూడా, హ్యాండ్‌బ్యాగ్ అడుగున మర్చిపోయింది కూడా. ఇండియాలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) కింద అది నేరం. కాలిఫోర్నియా కార్డు అక్కడ ఎందుకూ పనికిరాదు. దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అక్కడి చట్టాలు కూడా కఠినమే. సూట్‌కేసు సర్దే ముందు బ్యాగుల జేబులన్నీ తిరగేసి, మందుల పెట్టె ఇంకొకరి చేత చూపించండి. ఇండియాలో ఆయుర్వేద డాక్టర్లు రాసే, విజయ (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) ఆకుతో చేసిన మందులు లైసెన్సుతో అమ్ముతారు. వాటిలో టీహెచ్‌సీ ఎంత ఉందో, మీ మందులతో ఎలా కలుస్తుందో తేలకుండా మొదలుపెట్టవద్దు, తిరుగు ప్రయాణంలో వెంట తేవద్దు.

ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి నేను రాత్రి మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తాను. ఒక్కసారిగా ఆపితే కొన్ని రాత్రులు నిద్ర చెదురుతుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ వేడినీళ్ల కాపడం, డైక్లోఫినాక్ జెల్, డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలు, పొద్దున చేతివేళ్ల వ్యాయామం. మెథోట్రెక్సేట్ మాత్రం ఎప్పటిలాగే వారానికి ఒక్కసారి, మరిచిపోకుండా వేసుకుంటాను. తిరిగొచ్చాక పాత మోతాదు దగ్గర మొదలుపెట్టకూడదు, ఈలోగా ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది. మళ్లీ 1 ఎంజీ నుంచి, వారానికి ఒకటి చొప్పున.